కొట్లో పట్టీ రాసేవాడికి కొండమీద ప్రసంగం ఎంతవరకు?

వందనాలు తమ్ముడూ. మీ ప్రశ్న పెద్దది. చదివేవాళ్లకు అర్థం కావడానికి ముందు దాన్ని కుదించి చెబుతాను. మీరు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా, రైతు సరుకు బరువూ డబ్బూ లెక్క చూపే పట్టీ రాసేది మీరే. ఆదివారం చర్చిలో వాక్యం వింటుంటే మనసు నిండుతుంది, సోమవారం కాటా దగ్గర తరుగు (బరువులో తగ్గించే కోత) రాయాల్సి వచ్చేసరికి అదంతా పోతుంది. నాన్నగారు వీలునామా రాయకుండా పోయారు. నల్లపాడు వైపు ఉన్న 9 సెంట్ల స్థలం విషయంలో మీకూ అన్నయ్యకూ మాటల్లేవు, కేసు వేయాలా అని ఆలోచిస్తున్నారు. చర్చికి దశమభాగం, అంటే ఆదాయంలో పదోవంతు, మాత్రం ఆపకుండా ఇస్తున్నారు, నెల చివర అమ్మ మందులకు చేతిలో డబ్బు ఉండటం లేదు. చివర్లో అసలు మాట అడిగారు: ‘సువార్తను ఉన్నదున్నట్టు పాటిస్తే మనలాంటివాళ్లం బతకగలమా, అది పాస్టర్లకేనా?’

నేను పాస్టర్ని కాదు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, చాలాకాలం మా సంఘం కోశాధికారిగా లెక్కలు చూశాను. అందుకే నా జవాబు లెక్కల వైపు నుంచే ఉంటుంది. అలా ఉండటంలో తప్పు లేదని కూడా నా అభిప్రాయం. ఎందుకో మీరే చూడండి. ప్రభువైన యేసు చెప్పిన ఉపమానాలు వరుసగా తిరగేస్తే కూలి దొరక్క సంతలో నిలబడ్డవాళ్లు, అప్పు తీర్చలేని పనివాడు, పంట ఎక్కువై కొట్లు పడగొట్టి పెద్దవి కట్టాలనుకున్న రైతు, కౌలు ఎగ్గొట్టిన కాపులు, లెక్క అప్పగించమంటే ఖంగుతిన్న గృహనిర్వాహకుడు కనిపిస్తారు. యార్డులో మీరు రోజూ చూసే మనుషులే వీళ్లంతా. మనం ఈ కథల్ని ఆత్మీయ సత్యాలని చెప్పి అటక మీద పెట్టేశాం. ఇప్పుడు నిచ్చెన వేసుకుని, వీటిని జీవితంలోకి ఎలా దించాలి అని అడుగుతున్నాం. ఆ కథలు మొదటినుంచీ డబ్బు దగ్గర, భూమి దగ్గర, భోజనాల దగ్గరే ఉన్నాయి.

కాబట్టి ప్రార్థన సమయం పెంచండి, ఉపవాసం ఉండండి అన్న సలహాతో నేను మొదలుపెట్టను. ఒక కాగితం తీసుకుని మీరు ఎవరెవరికి బాకీ ఉన్నారో రాయండి. డబ్బు, మాట, న్యాయం, ఏదైనా సరే. మనిషి పేరు ఉండాలి, ఏం చేయాలో ఉండాలి, ఎప్పటిలోగా అన్నది ఉండాలి. ‘అందరినీ ప్రేమించాలి’ అని రాస్తే ఆ కాగితం దేనికీ పనికిరాదు.

ముందు కొట్టు సంగతి చూద్దాం. లూకా సువార్త 3వ అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సుంకరులు వచ్చి ‘మేమేం చేయాలి?’ అని అడుగుతారు. రోమా ప్రభుత్వం కోసం సొంత జనం దగ్గర వసూళ్లు చేసే పని వాళ్లది. పైన ఎంతోకొంత వేసుకోవడం అందరికీ తెలిసిన అలవాటు. ఆ ఉద్యోగం మానేయమని యోహాను అనలేదు. నిర్ణయించినదాని కంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సిపాయిలు అడిగితే ఎవరినీ బాధపెట్టవద్దు, అబద్ధపు నేరం మోపవద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. ఎవరి చేతిలో ఏ అధికారం ఉందో అక్కడే గీత గీశాడు.

మీ చేతిలో ఉన్నది కలం. ధర మీ చేతిలో లేదు, షావుకారు గారి లాభం మీ చేతిలో లేదు. మీరు రాసిన వాటిలో మూడు విషయాలు కనిపించాయి: మచ్చు (నమూనా) పేరుతో కాయలు తీయడం, తూకంలో తరుగు, వెంటనే డబ్బు కావాలన్న రైతుకు వేసే కోత. వీటిలో ఏది యార్డు నిబంధనల్లో ఉంది, ఏది రైతుకు ముందే చెప్పి ఒప్పుకున్నది, ఏది కేవలం ఆ రైతుకు లెక్క తెలియదని వేసింది అన్నది విడదీయండి. మొదటి రెండు రకాల మీద మీకు అభిప్రాయం ఉండొచ్చు, దాన్ని చెప్పొచ్చు. రైతుకు లెక్క తెలియదని వేసే మూడో రకం మాత్రం మీ చేత్తో రాయకండి.

వినడానికి ఇది చిన్న విషయంలా ఉంటుంది. పని చేసేటప్పుడు చిన్నది కాదు. టిక్కీ (మిర్చి బస్తా) కాటా మీద ఉన్నప్పుడే బరువు పైకి చదవండి, రైతు అంకె చూశాక దించమనండి. పట్టీలో ప్రతి టిక్కీ బరువూ విడిగా రాయండి. తరుగు తీయక తప్పదంటే దాన్ని తరుగు అనే పేరుతోనే వేరే వరుసలో చూపించండి. నికర బరువులో కలిపేసి కనబడకుండా చేసే చోటే అబద్ధం మొదలవుతుంది. మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని ఉండాలన్న కొండమీద ప్రసంగంలోని మాటను (మత్తయి 5:37) మనం ఒట్లు పెట్టుకోకూడదు అనేంతవరకే చదువుతాం. పట్టీ కూడా మీ మాటే కదా.

షావుకారు గారు ఒప్పుకోకపోతే? నలుగురిలో వాదించకండి. విడిగా, మర్యాదగా, ఒక్కసారి చెప్పండి: ‘ఈ బరువు నేను రాయలేనండి.’ చాలాసార్లు వాళ్లు విసుక్కుని ఇంకొకరి చేత రాయించుకుంటారు. అంతకు మించి జరగదు. ఒక్కోసారి జరుగుతుంది, ఉద్యోగం పోతుంది, దాన్ని దాచి మీకు ధైర్యం చెప్పను. ఇంట్లో అమ్మ ఉంది, సీజన్ మధ్యలో ఉద్యోగం వదిలేసి సాక్ష్యం చెప్పుకోమని కూడా అనను. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క వేసుకోడా అని ప్రభువే అడిగాడు (లూకా 14:28). కాబట్టి లెక్క వేసుకోండి. మరో కొట్లోనో, కోల్డ్ స్టోరేజీలోనో పని చూసుకుంటూ ఉండండి. ఆ లోపు మీ కలం సంగతి మీరు చూసుకోండి.

‘కొలత’ వచనం గురించి ఒక మాట. ఇవ్వండి, మీకూ ఇవ్వబడుతుంది, అణచి, కుదిలించి, పొర్లిపోయే నిండు కొలత అన్న లూకా 6:38 మన దగ్గర కానుకల సంచి తిరిగేటప్పుడే వినిపిస్తుంది. దాని పై వచనాలు చూడండి. తీర్పు తీర్చకండి, క్షమించండి అని ఉంటుంది. మీరు ఏ కొలతతో కొలుస్తారో అదే కొలతతో మీకూ కొలుస్తారు అని ముగుస్తుంది. ఈ మాట మీద మాట్లాడమని ఆదివారం ఒక కాటా మనిషిని నిలబెడితే మనందరికంటే బాగా మాట్లాడతాడని నాకు అనిపిస్తుంది.

ఉన్న పనిలోనే దారి వెతుక్కున్నవాళ్లు కావాలంటే మన గుంటూరులోనే ఉన్నారు. మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో ఇక్కడికి వచ్చినప్పుడు మిషన్ వాళ్లు ఆమెను వైద్యం కోసమని పంపలేదు, స్త్రీల మధ్య బోధన పనికి పంపారు. ఆమె ఆ పని చేస్తూనే రోగులను చూడటం మొదలుపెట్టింది. ఆసుపత్రి 1898లో వచ్చింది. మధ్యలో ఉన్న ఏళ్లన్నీ చేతిలో ఉన్నదానితో గడిపినవే. ఊళ్లో ఇప్పటికీ కుగ్లర్ ఆసుపత్రి అంటే ఏ మతం వాళ్లైనా గుర్తుపడతారు.

ఇక స్థలం సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఆపిన చోటు ఇదే. మీరు, అన్నయ్య చెరి నాలుగున్నర సెంట్ల లెక్కలో మాట్లాడుతున్నారు. ఒకచోట ‘పెద్దక్క పెళ్లయి తెనాలిలో ఉంది’ అని రాసి ముందుకు వెళ్లిపోయారు. ఆమె వాటా ఏది?

క్రైస్తవుడు వీలునామా లేకుండా చనిపోతే 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం పిల్లలున్నప్పుడు భార్యకు మూడోవంతు. మిగతా రెండు వంతులు కొడుకులకూ కూతుళ్లకూ సమానం, పెళ్లయిన కూతురైనా సరే. మీ 9 సెంట్లలో అమ్మకు 3, మీ ముగ్గురికీ తలా 2. మన వైపు చాలామందికి రికార్డుల్లో మతం ఒకటి, వెళ్లేది చర్చికి. హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుందని తేలితే భార్య, పిల్లలు నలుగురికీ సమానంగా తలా రెండుంపావు సెంట్లు. ఏది వర్తిస్తుందో వకీలు కాగితాలు చూసి చెప్పాలి. ఎలా చూసినా అక్కను తీసేసి లెక్క కట్టడం కుదరదు, అమ్మను అసలే కుదరదు. నాలుగున్నర సెంట్లు నావి అని మీరు, నాలుగున్నర నావి అని అన్నయ్య పోట్లాడుకుంటున్నారు. ఇద్దరిలో ఎవరిదీ అంత లేదు.

‘పెళ్లికి ఇచ్చాం కదా’ అంటారు, నాకు తెలుసు. ఆ మాట ప్రతి ఇంట్లో విన్నాను. చట్టం ప్రకారం పెళ్లిలో ఇచ్చినది వారసత్వపు వాటాను తుడిచేయదు. అక్క తనకు వద్దనుకుంటే అది ఆమె ఇష్టం, రిజిస్ట్రారు ఆఫీసులో హక్కు విడుదల దస్తావేజు రాస్తుంది. ఆమె వద్దనేదాకా అది ఆమెదే. అడగకుండానే ఆమె వద్దనుకుంటుందని మీరే తేల్చేయడం న్యాయం కాదు. పైగా మీరు అడిగినది సువార్త గురించి. పుదీనాలోనూ జీలకర్రలోనూ పదోవంతు లెక్కగట్టి ఇచ్చి న్యాయాన్ని, కనికరాన్ని వదిలేశారని ఆనాటి మతపెద్దలైన శాస్త్రులకు, పరిసయ్యులకు ప్రభువు చెప్పిన మాట (మత్తయి 23:23) ఇలాంటి చోటికే వస్తుంది.

లూకా 12లో మీ కేసే ఉంది, చూశారా? గుంపులోంచి ఒకడు లేచి, ‘బోధకుడా, పిత్రార్జితంలో నాకు పాలు పంచిపెట్టమని మా అన్నతో చెప్పు’ అంటాడు. ప్రభువు ఆ పంచాయతీ చేయలేదు. మీ మీద తీర్పరిగా నన్ను ఎవరు పెట్టారు అన్నాడు, ఏ విధమైన లోభానికీ చోటివ్వకండి అని ఇద్దరికీ తగిలేలా చెప్పాడు. వెంటనే ఆ పెద్ద కొట్ల రైతు కథ వస్తుంది. నేను దీన్నుంచి తీసుకున్నది ఏమిటంటే, స్థలం పంచడం దేవుడి చేత చేయించాలని చూడకూడదు. దానికి కాగితాలు, కొలతలు, చట్టం ఉన్నాయి. పాస్టరు గారిని మధ్యలో కూర్చోబెట్టి, ఆయన ఎవరి వైపు మాట్లాడితే దేవుడు వాళ్ల వైపు ఉన్నాడనుకోవడం మన చర్చిల్లో ఎన్ని కుటుంబాలను విడదీసిందో చెప్పలేను. పాపం ఆ పాస్టరు గారు కూడా రెండు కుటుంబాల కానుకలు పోతాయని నలిగిపోతుంటారు.

మరి అన్నయ్య దగ్గరికి ఎలా వెళ్లాలి? వరుస మత్తయి 18:15 నుంచి స్పష్టంగానే ఉంది. ముందు ఒక్కడివే వెళ్లి మాట్లాడు. వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. మనం దీన్ని తలకిందులు చేశాం. ముందు గృహకూడికలో ‘మా అన్నయ్య హృదయం మారేలా ప్రార్థించండి’ అంటాం. అంతే, ఆ సాయంత్రానికి బ్రాడీపేట నుంచి పట్టాభిపురం దాకా తెలుస్తుంది. తర్వాత వాట్సాప్‌లో పేరు చెప్పకుండా వచనం పెడతాం. ఆ వచనం ఎవరికోసమో అందరికీ తెలుసు. చివరికి అన్నయ్య దగ్గరికి లాయరు నోటీసు వెళుతుంది. ఆయనతో నేరుగా మాట్లాడింది మాత్రం ఎవరూ ఉండరు. ప్రార్థన మనవి పేరుతో చేసే చాడీ మామూలు చాడీ కంటే హీనమని నా అభిప్రాయం, ఎందుకంటే విన్నవాడు దాన్ని ఖండించలేడు.

మత్తయి 5:23 కూడా చూడండి. బలిపీఠం దగ్గర కానుక అర్పిస్తుండగా, నీ సహోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలి వెళ్లి సమాధానపడు. ఇందులో రెండు విషయాలు మనం దాటేస్తాం. ఒకటి, నీకు అతని మీద ఏముంది అని అడగలేదు, అతనికి నీ మీద ఏముందని అడిగాడు. రెండు, ఈ మాట విన్నవాళ్లు గలిలయలో ఉన్నారు, బలిపీఠం యెరూషలేములో ఉంది. నడిచి వెళితే రోజుల ప్రయాణం. గుణదల తిరునాళ్లకు ఫిబ్రవరిలో ఊరి నుంచి నడిచి వచ్చినవాణ్ణి కొండ మెట్ల దగ్గర ఆపి, ముందు ఇంటికి వెళ్లి అన్నతో మాట్లాడి రా అన్నట్టు ఉంటుంది. ఖర్చు, శ్రమ, పరువు, అన్నీ ఆ మాటలో ఉన్నాయి.

వెళ్లేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ఫోన్లో వద్దు, ఇంటికి వెళ్లండి. భార్యనూ బావమరిదినీ తీసుకెళ్లకండి, వాళ్లు మంచివాళ్లే కావచ్చు, అయినా వద్దు. మొదటిసారి దస్తావేజులు సంచిలో పెట్టుకుని వెళ్లకండి. మీ వైపు తప్పు ఏదైనా ఉంటే ముందు అది చెప్పండి, ‘కానీ’ అని కలపకండి. తర్వాత అక్క, అమ్మ వాటాల సంగతి చెప్పండి. మీ వాటా కూడా తగ్గుతుందని మీ నోటితోనే చెప్పినప్పుడు ఆయన మీ మాట వినే అవకాశం ఎక్కువ. నా అనుభవంలో ఇలాంటి గొడవలు సగం అక్కడే మెత్తబడతాయి.

అయినా కుదరకపోతే కోర్టు పాపం కాదు. దారిలో ఉండగానే ప్రతివాదితో త్వరగా సమాధానపడమని మత్తయి 5:25 చెబుతుంది. ఆ దారిలో ఇప్పుడు లోక్ అదాలత్ ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే కేసు వేయకముందే రాజీకి పిలిపిస్తారు. అక్కడ ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటే అక్కడ ఇచ్చే తీర్పు (అవార్డు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. కేసు వేశాక అక్కడ రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. అన్నదమ్ముల స్థలం గొడవకు నాకు తెలిసి ఇంతకంటే తక్కువ ఖర్చు, తక్కువ పగ మిగిల్చే దారి లేదు.

అమ్మ మందుల గురించి మీరు అడగలేదు, ఊరికే చెప్పారు. నేను మాత్రం దాని మీదే గట్టిగా చెప్పాలి. మార్కు 7లో ‘కొర్బాను’ అనే మాట వస్తుంది. తల్లిదండ్రులకు ఉపయోగపడాల్సిన సొమ్మును ఇది దేవుడికి అర్పితం అని చెప్పి వాళ్లకు ఇవ్వకుండా తప్పించుకునే పద్ధతి అది. మీ పారంపర్యాచారంతో దేవుడి వాక్యాన్ని నిరర్థకం చేస్తున్నారని ప్రభువు చాలా ఘాటుగా అన్నాడు. మీరు తప్పించుకోవడానికి దశమభాగం ఇవ్వడం లేదు, భక్తితో ఇస్తున్నారు, తెలుసు. అయినా బీపీ మాత్రలు నెలలో వారం రోజులు ఆగిపోతున్నాయంటే ఆ కవరు కొంత పలుచబడాలి. సంఘం లెక్కలు చూసినవాడిగా చెబుతున్నాను, మీరు ఇచ్చేది తగ్గితే సంఘం కూలిపోదు. పాస్టరు గారికి ఉన్న విషయం చెప్పండి. ఆయన నొచ్చుకుంటే అది ఆయన చూసుకోవాల్సిన విషయం. అమ్మకు మందులు కొని ఇచ్చి, ‘దేవుడి డబ్బులోంచి కొన్నాను’ అని మాత్రం ఆమెతో అనకండి.

మీ ప్రశ్న కింద ఇంకొకరు క్షమాపణ గురించి అడిగారు: చీటీపాట డబ్బు ఎత్తుకుని ముఖం చాటేసిన బంధువును డెబ్బై సార్లు ఏడు క్షమించాలా అని. మత్తయి 18 చివర్లో ఉన్న కథలో అంకెలు చూడండి. ఒకడు రాజుకు 10,000 తలాంతులు బాకీ, రాజు జాలిపడి అదంతా వదిలేశాడు. వాడికి తోటి పనివాడు 100 దేనారాలు బాకీ, వాడు మాత్రం అతని గొంతు పట్టుకున్నాడు. దేనారం అంటే ఒక రోజు కూలి అని మత్తయి 20లోనే తెలుస్తుంది. తలాంతు సుమారు 6,000 దేనారాలు. మన దగ్గర కూలి రోజుకు 600 రూపాయలు అనుకుందాం. అప్పుడు రెండోవాడి బాకీ 60,000 రూపాయలు. మొదటివాడిది 3,600 కోట్లు.

ప్రసంగాల్లో ఆ 100 దేనారాలను ‘చిల్లర’ అంటారు. కూలివాడికి 60,000 చిల్లరా? మూడు నెలల పైచిలుకు కష్టం అది. మీకు జరిగిన నష్టం చిన్నదని ఈ కథ చెప్పడం లేదు. నష్టం నిజమే, పెద్దదే, దాని పక్కన ఇంకో అంకె ఉందని చెబుతోంది. ‘అదేముందిలే, వదిలెయ్’ అని నష్టపోయినవాడికి సలహా ఇచ్చేవాళ్లు ఈ ఉపమానం సరిగా చదవలేదు.

ఇంకో సంగతి. గొంతు పట్టుకోవద్దని ఉంది కానీ, మళ్లీ చీటీ పుస్తకం వాడి చేతిలో పెట్టమని లేదు. బాకీ రద్దు చేయడం ఒకటి, నమ్మకం మళ్లీ పెట్టుకోవడం ఇంకొకటి. ఇచ్చిన డబ్బు వదిలేసుకున్నారా, సంతోషం, అతనికి ఆ మాట స్పష్టంగా చెప్పండి, లోపల వడ్డీ లెక్క నడపకండి. అతను మళ్లీ బ్యాంకు లోనుకు ష్యూరిటీ సంతకం అడిగితే ‘పెట్టలేను’ అని చెప్పడంలో పాపం లేదు. నేను పనిచేసిన రోజుల్లో జాలితో ష్యూరిటీ పెట్టి, అసలువాడు కట్టక జీతంలో కోతలు పడ్డ విశ్వాసులను చూశాను. వాళ్లు ఆ తర్వాత క్షమించడం ఇంకా కష్టమైంది.

దానధర్మాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కుడి చేయి చేసేది ఎడమ చేతికి తెలియకూడదన్న బోధ చదివే చర్చిలోనే ఫ్యాన్ రెక్కల మీద దాత పేరు తిరుగుతుంటుంది, కుర్చీ వీపు మీద తాతగారి జ్ఞాపకార్థం అని ఉంటుంది. దీన్ని మాన్పించడం నా వల్ల కాలేదు, మీ వల్లా కాదు. మీ పేరు వేయకుండా ఉంటే చాలు.

కానీ దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషిని ఆదుకున్న మంచి సమరయుడి కథలో ఒక వివరం మాత్రం మన బెజవాడ వరదల తర్వాత నాకు కొత్తగా కనిపించింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగాయి. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. మొదటి వారం గుంటూరు నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు ఎన్నో వెళ్లాయి. మంచి పనే. నీళ్లు తీశాక ఏం మిగిలింది? తడిసిన పరుపులు, పనికిరాని ఫ్రిజ్, బురదలో పిల్లల సర్టిఫికెట్లు, ఆటో ఇంజను. అప్పటికి పొట్లాలవాళ్లు లేరు. సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, తన జంతువు మీద ఎక్కించి పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్లాడు. మర్నాడు రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఏమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. అంటే తిరుగు ప్రయాణంలో అక్కడ ఆగడానికి ఒప్పుకున్నాడు. సాయం చేయాలనుకునే మీ యూత్‌వాళ్లకు నేను చెప్పేది అదే: వందమందికి ఒక పూట పెట్టే బదులు ఒక ఇంటికి మూడోసారి వెళ్లండి.

అదే కథలో ఇంకొకటి ఉంది, మనం నెమ్మదిగా తప్పుకునేది. సహాయం చేసినవాడు సమరయుడు, యూదులు కలిసి తినని జాతి. 1842లో మిషనరీ హెయ్యర్ గారు గుంటూరు వచ్చిన నాటి నుంచి లెక్కేస్తే ఇక్కడ లూథరన్ సంఘానికి 180 ఏళ్లు దాటాయి. ఇప్పటికీ చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె తీసుకుంటాం, పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి ‘క్రైస్తవులే, మరి ఏమిట్లు?’ అని కులం అడుగుతాం. ఈ ప్రశ్న అడిగే పెద్దలను నేను మార్చలేను. మీకు పిల్లలు ఎదిగే వయసు వస్తుంది, అప్పుడు ఆ ప్రశ్న మీ నోటి నుంచి రాకుండా చూసుకోవడం మీ చేతిలో ఉంటుంది. సువార్త రోజువారీ జీవితంలో కష్టమైనది ఎక్కడ అని అడిగితే నా జవాబు కాటా కాదు, ఇదే.

చింతించకండి అన్న బోధ గురించి మీరు రాసిన భాగానికి జవాబు చిన్నది. రేపటి గురించి టెన్షన్ పడవద్దన్నాడు, పొదుపు చేయవద్దనలేదు. మీకు మెడికల్ ఇన్సూరెన్స్ లేదని రాశారు, చేయించండి. అది అవిశ్వాసం కాదు.

ఇరుగుపొరుగు గురించి కూడా ఒకటి. మీ ఇంట్లో కూడిక పెట్టినప్పుడు మైకు బయటికి తిప్పవద్దు. పరీక్షల కాలంలో పక్కింటి పిల్లవాడు చదువుకోలేకపోతే, వాళ్లకు మన గురించి మిగిలే సాక్ష్యం ఆ శబ్దమే. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమన్న మాట ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. ఇతరులు మీకేం చేయాలనుకుంటారో అదే వాళ్లకు చేయమన్న మత్తయి 7:12 కూడా పక్కింటివాళ్లతోనే మొదలవుతుంది.

ఇక ఇంట్లో పనిమనిషి, ఇస్త్రీ అబ్బాయి, కొట్లో హమాలీలు. ద్రాక్షతోట కథలో చివర వచ్చినవాళ్లకూ పూర్తి కూలి ఇచ్చిన సంగతి మీద ఎన్నో ప్రసంగాలు వింటాం. అందులో ‘సాయంకాలమైనప్పుడు’ అన్న మాట ఎవరూ పట్టించుకోరు. కూలి ఆ రోజే, చీకటి పడేలోపు. ‘చిల్లర లేదు, రేపు తీసుకో’ అనడం మన ఇళ్లలో ఎంత మామూలో మీకు తెలుసు. ఫోన్‌పే వచ్చాక ఆ సాకు కూడా లేదు.

ఏ సువార్త ముందు చదవాలని అడిగారు. లూకా చదవండి, ముఖ్యంగా 12 నుంచి 19 దాకా. 19లో సుంకరి జక్కయ్య దగ్గర ఆగండి. అతను కన్నీళ్లు పెట్టుకున్నట్టు అక్కడ లేదు. లేచి నిలబడి లెక్క చెప్పాడు: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నది ఏదైనా ఉంటే నాలుగింతలు తిరిగి. ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్న మాట ఆ లెక్క తర్వాత వచ్చింది. మీ కాగితంలో మీ చేత్తో రాసిన పాత పట్టీ ఏదైనా గుర్తొస్తే, ఆ రైతు ఏ ఊరో తెలిస్తే, ఏం చేయొచ్చో ఆలోచించండి. తెలియకపోతే ఆ మొత్తం ఎవరైనా అవసరంలో ఉన్న కౌలు రైతు పిల్లల ఫీజుకు ఇవ్వొచ్చు.

అన్నింటికంటే ముందు ఈ ఆదివారం తెనాలి వెళ్లండి. అన్నయ్య దగ్గరికి వెళ్లడానికి ముందే అక్కతో మాట్లాడటం మంచిది, ఎందుకంటే ఆమె ఏం కోరుకుంటుందో తెలియకుండా మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నా మళ్లీ మొదటికి వస్తుంది. నాన్నగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, స్థలం దస్తావేజు జిరాక్సులు తీయించి ఆమెకు ఒక సెట్ ఇవ్వండి, కాగితాలన్నీ మీ దగ్గరే ఉన్నాయి కదా. ఆమె ఏమన్నారో వీలైతే ఇక్కడ రాయండి, దాన్నిబట్టి లోక్ అదాలత్ అర్జీ ఎలా రాయాలో చెబుతాను.